మేడ మీద బార్‌లో గురువారం కచేరీ: మిక్సీ ఆపితే నాలుగు స్టార్లు, ఆపకపోతే రెండు

ముందే చెప్పేస్తున్నా, నాకు సంగీతం రాదు. మా పెదనాన్న వయొలిన్ మాస్టారు, పెద్ద బజారు ఇంట్లో ముందు గదిలో పిల్లలు సరళీ స్వరాలు కీచుకీచుమనిపిస్తుంటే వెనక గదిలో లెక్కలు చేసుకుంటూ పెరిగాను, నా సంగీత జ్ఞానం అంతవరకే. కాబట్టి ఇది పండితుడి రివ్యూ కాదు, గురువారం డ్యూటీ అయ్యాక ఒక బీరు తాగి ఇంటికెళ్దామనుకున్నవాడి రివ్యూ. ఒడిషాలో ఉన్న మా బరంపురంలో కొత్త బస్టాండు వైపు బట్టల షాపు మీద ఉన్న ఈ బార్ అండ్ రెస్టారెంట్‌కి రెండు నెలల్లో ఐదుసార్లు వెళ్ళాను, ఐదూ గురువారాలే, అందులో రెండుసార్లు పెదనాన్నని కూడా తీసుకెళ్ళాను, ఆయన వయసు 74, జీవితంలో బార్ మెట్లెక్కడం అదే మొదలు.

మొదటిసారి ఏదో అనుకోకుండా వెళ్ళిందే. మెట్ల దగ్గర ఒరియాలోనూ ఇంగ్లీషులోనూ బోర్డు, గురువారం లైవ్ క్లాసికల్ అని. తెలుగులో లేదు. ఈ ఊళ్ళో తెలుగు బోర్డు గురించి మాట్లాడ్డం మొదలెడితే 1936 ఏప్రిల్ 1న ఒడిషా ఏర్పడి గంజాం జిల్లా మద్రాసు నుంచి ఇటొచ్చిన రోజు దగ్గర్నుంచి మొదలెట్టాలి, బీరు వేడెక్కిపోతుంది, వదిలేద్దాం. క్లాసికల్ అంటే ఎవడో కీబోర్డు పెట్టుకుని పాత హిందీ గజల్స్ పాడతాడనుకున్నా. లోపలికెళ్ళి చూస్తే ప్లైవుడ్ పెట్టెలు రెండు కలిపి చేసిన చిన్న వేదిక, దాని మీద ఎర్ర తివాచీ, ఇద్దరు కుర్రాళ్ళు బాసింపట్టు వేసుక్కూర్చుని ఉన్నారు, ఒకడి దగ్గర వయొలిన్, ఒకడి దగ్గర మృదంగం. నేను గేటు తప్పి ఏ కల్యాణ మండపంలోకో వచ్చేశానేమో అనిపించింది నిజంగా.

ఇద్దరూ విజయనగరం కుర్రాళ్ళు. 1919లో పెట్టిన సంగీత కళాశాల ఉంది కదా అక్కడ, ఆదిభట్ల నారాయణదాసు మొదటి ప్రిన్సిపాలు, తర్వాత ద్వారం వెంకటస్వామి నాయుడు గారు ఆ కుర్చీలో కూర్చున్నారు, అక్కడే చదువుకున్నారట. మధ్యాహ్నం బండెక్కి వస్తారు, మూడు గంటలపైనే ప్రయాణం, రాత్రి బండికి వెళ్ళిపోతారు. అందుకే కచేరీ కరెక్టుగా 8కి మొదలై 10కి అయిపోతుంది, ఈ ఊళ్ళో టైముకి మొదలయ్యేది ఇదొక్కటే అని మా ఆవిడ అంటుంది.

వాళ్ళు మొదలెట్టిన తీరే నాకు నచ్చింది. కచేరీలు మామూలుగా మొదలెట్టే వర్ణం కాదు, గణపతి కీర్తన కాదు, వయొలిన్ అబ్బాయి ఏమీ చెప్పకుండా ఒక ట్యూన్ వాయించాడు. నా పక్క టేబుల్లో టై కట్టుకున్నాయన, బ్యాంకు మనిషిలా ఉన్నాడు, గ్లాసు దించి ఇది బ్రిటిష్ వాళ్ళ జాతీయ గీతం కదా అన్నాడు పైకే. అవును సార్ అదే, అని ఆ కుర్రాడు మైకులో నవ్వి, మద్రాసులో కోట దగ్గర తెల్లవాళ్ళ బ్యాండు మేళం వాయించేది విని ముత్తుస్వామి దీక్షితార్ ఆ ట్యూన్‌కి సంస్కృతంలో సాహిత్యం కట్టారు, సంతతం పాహిమాం అని, ఇలాంటివి ముప్ఫైకి పైన కట్టారు, నోట్టుస్వరాలంటారు, అసలీ వయొలిన్ మన సంగీతంలోకి రావడంలో కూడా ఆయన తమ్ముడు బాలుస్వామి దీక్షితార్‌దే పెద్ద చెయ్యి అని చెప్పాడు. ముప్ఫై సెకన్లు పట్టి ఉంటుంది మొత్తం. అంతే, ఆపాడు, వాయించాడు. ఆ బ్యాంకాయన ఆ తర్వాత ఫోన్ తియ్యలేదు. సభల్లో పావుగంట సేపు శాలువాలు కప్పి, వక్తలు మాట్లాడి, దీపం వెలిగించి, అప్పటికి సగం మంది వెనక నుంచి జారుకున్నాక మొదలెట్టే కచేరీల కంటే ఇది నయం అనిపించింది, పెదనాన్న వింటే కోప్పడతాడు కానీ నిజం.

ఇక అసలు గొడవకొస్తా. మిక్సీ.

రెండో పాటో మూడో పాటో, కల్యాణి రాగం అని చెప్పి ఆలాపన, అంటే తాళం లేకుండా రాగాన్ని మెల్లగా విప్పి చూపించడం, మొదలెట్టాడు. మెల్లగా కింద నుంచి పైకెక్కుతున్నాడు, పై షడ్జం, అంటే పై స, దగ్గరికొచ్చి దాన్ని ముట్టుకోకుండా దాని చుట్టూ తిరుగుతున్నాడు, వస్తాడొస్తాడు అని నాలాంటివాడికి కూడా తెలుస్తోంది, బార్లో మాటలు తగ్గాయి, సరిగ్గా అప్పుడు కౌంటర్ వెనక గర్రుమని మిక్సీ. ఎవరికో మాక్‌టైల్. ఇంక ఏముంది, ఆ కుర్రాడు విల్లు తీగల మీద నుంచి తీసేసి కళ్ళు తెరిచాడు, మిక్సీ అయ్యేదాకా కూర్చున్నాడు పాపం, మళ్ళీ మొదలెట్టాడు గానీ ఆ ఎక్కుడు మళ్ళీ రాలేదు. పైగా వెనకాల ఆగకుండా మోగే శ్రుతి కోసం ఫోన్లో యాప్ పెట్టుకుని స్పీకర్‌కి కలిపాడు, ఇంకో పాట మధ్యలో ఆ ఫోన్‌కి లోన్ కావాలా అని కాల్ వచ్చింది, శ్రుతి ఆగిపోయి బార్ మొత్తానికి రింగ్‌టోన్ వినిపించింది. అందరూ నవ్వారు, వాళ్ళిద్దరూ కూడా నవ్వారు. ఫోన్ తప్పు వాడిదే, ఫ్లైట్ మోడ్‌లో పెట్టుకోవాలి, మిక్సీ తప్పు మాత్రం ఓనర్‌ది.

మేనేజర్‌ని పిలిచి చెప్పాను. బాబూ నువ్వు నెలకి ఎంతో ఖర్చు పెట్టి వీళ్ళని పిలిపిస్తున్నావు, ఆలాపన అయ్యే ఐదు నిమిషాలు ఆ జ్యూసు ఆపితే ఏం పోతుంది అని. ఒరియా కుర్రాడు, మర్యాదస్తుడే, ఆజ్ఞా ఆజ్ఞా (అలాగే సార్ అని) అన్నాడు. తర్వాతి వారం నిజంగానే ఆపాడు. బార్ కౌంటర్లో ఉన్నవాడికి వయొలిన్ అబ్బాయి చెయ్యెత్తి సైగ చేసే ఏర్పాటు చేసుకున్నారు, చెయ్యి ఎత్తితే మిక్సీ బంద్, దించితే ఆన్. రైల్వే గేటు లాగ. ఇది రాసేది ఎందుకంటే బార్లో శాస్త్రీయ సంగీతం నడుస్తుందా నడవదా అని పెద్ద పెద్ద చర్చలు చేస్తారు జనాలు, నేను చూసినంతలో ఆ ప్రశ్నకి సమాధానం సగం ఆ మిక్సీ స్విచ్ దగ్గరే ఉంది, తాగేవాళ్ళకి రాగం అర్థమవుతుందా అన్నది తర్వాత సంగతి.

పెదనాన్నని ఒప్పించడానికి మూడు వారాలు పట్టింది. మొదట్లో వినగానే ఏట్రా, త్యాగరాజు కీర్తన బ్రాందీ షాపులోనా, అని లేచి లోపలికెళ్ళిపోయాడు. నేను వాదన మొదలెట్టాను, పెదనాన్నా, జర్మనీలో లైప్‌జిగ్ అనే ఊళ్ళో పాశ్చాత్య సంగీతంలో బాఖ్ అంతటివాడు 1729 నుంచి కాఫీ హోటల్లో వాయించే బృందాన్ని నడిపాడట, అమెరికాలో మ్యాట్ హైమోవిట్జ్ అని చెల్లో (పెద్ద వయొలిన్ లాంటిది) వాయించే ఆయన 2000 నుంచి అదే బాఖ్‌ని బార్లలో క్లబ్బుల్లో ఒంటరిగా కూర్చుని వాయించాడట, శాన్ ఫ్రాన్సిస్కోలో ఒక కేఫ్‌లో 2006లో మొదలెట్టినది క్లాసికల్ రివల్యూషన్ అని వేరే ఊళ్ళకి పాకింది, న్యూయార్క్‌లో 2008లో లె ప్వాసాన్ రూజ్ అని ఒక క్లబ్బే తెరిచారు, పాత జాజ్ క్లబ్బు ఉన్న చోట, అక్కడ గ్లాసు చేత్తో పట్టుకుని పియానో వింటారు అని నెట్‌లో చదివినవన్నీ చెప్పాను. ఆయన ఒక్క మాట అన్నాడు: వాళ్ళు తాగినా తాగకపోయినా అది వాళ్ళ సంగీతం, మన సంగీతం భక్తి.

సరే అని నేను పెళ్ళి సంగతెత్తాను. పెదనాన్నా, మన చిన్నక్క పెళ్ళికి సన్నాయి మేళం వాళ్ళు వచ్చారు గుర్తుందా, తెల్లవారుజామున భూపాలం, భోజనాల దగ్గర తోడి, ఆ పెద్దాయన బుగ్గలు ఉబ్బించి ప్రాణం పెట్టి వాయిస్తుంటే మనమేం చేశాం, పప్పులో నెయ్యి వెయ్యమని కేకలేశాం, కుర్చీలు లాక్కున్నాం, తాళి కట్టే ముందు గట్టిమేళం గట్టిమేళం అని అరిచి ఆయన్ని రాగం మధ్యలో ఆపించాం కూడాను. మన ఊళ్ళల్లో సన్నాయి ఎప్పుడైనా నిశ్శబ్దంగా విన్నామా? ఆదిభట్ల వారు గజ్జె కట్టి హరికథ చెప్తే విన్నవాళ్ళందరూ టిక్కెట్టు కొనుక్కుని కుర్చీల్లో చేతులు కట్టుకుని కూర్చున్నవాళ్ళేనా? ఆ శృంగారపు పాటలు, జావళీలు, పుట్టింది సభల్లోనా? ఆయన మాట్లాడలేదు. కాసేపాగి, అలాగైతే ఒకసారి చూద్దాం గానీ నాకు ఏటీ పొయ్యకూడదు, సోడా తాగుతాను, అన్నాడు. మా పెదనాన్న ఓడిపోయినప్పుడు ఇలాగే ఓడిపోతాడు, షరతు పెట్టి.

ఆ రోజు ఏడున్నరకే వెళ్ళిపోయాం, ఆయనకి ఆలస్యం పడదు. మృదంగం అబ్బాయి అప్పుడే గుడ్డ విప్పి బయటికి తీశాడు. బయట ఉక్కపోత, లోపల ఏసీ 18లో, ఆ చర్మం బిగిసిపోయి శ్రుతి పైకెళ్ళిపోయిందట, చిన్న రాయీ పుల్లా పెట్టుకుని అంచు చుట్టూ టకటకా కొడుతున్నాడు, ఒక దెబ్బ, చెవి దగ్గర పెట్టి వేలితో తడతాడు, ఇంకో దెబ్బ. మాకు నాలుగడుగుల దూరం. తర్వాత వెయిటర్‌ని పిలిచి కొంచెం బొంబాయి రవ్వ, నీళ్ళు కావాలి అన్నాడు. వెయిటర్‌కి అర్థం కాలేదు. సుజి భాయ్ సుజి, అంటే లోపలికెళ్ళాడు, కాసేపటికి వంటాయన స్వయంగా గిన్నెలో రవ్వ పట్టుకుని బయటికొచ్చి ఉప్మా చెయ్యాలా ఆజ్ఞా అని అడిగాడు. ఆ అబ్బాయి నవ్వుతూ రవ్వ నీళ్ళతో కలిపి ముద్ద చేసి మృదంగం ఎడమ వైపు మధ్యలో అద్దాడు, అదిమాడు, గుండ్రంగా చేశాడు, అరచేత్తో కొట్టి చూపించాడు, రవ్వ లేకముందు డప్ అని డొల్లగా ఉన్నది ఇప్పుడు గుమ్మ్ అని కింద నుంచి వచ్చింది. వంటాయన మళ్ళీ కొట్టమన్నాడు. మళ్ళీ కొట్టాడు. ఆ తర్వాత ఆ వంటాయన కచేరీ అంతసేపూ కిచెన్ తలుపు సందులోంచి చూస్తూనే ఉన్నాడు, మా చికెన్ పకోడీ 25 నిమిషాలు లేటయ్యింది అందుకే, నేను దానికి స్టార్లు తగ్గించట్లేదు.

పెదనాన్న చెప్పుల సంగతి పట్టుకున్నాడు ముందు. వేదిక టేబుళ్ళంత ఎత్తే, వయొలిన్ తల ఆ కుర్రాడి కుడి పాదం మీద ఆనుకుని ఉంటుంది కదా, సరిగ్గా దానికి ఎదురుగా ముందు టేబుల్ వాడి బూటు కాలు ఊగుతోంది. ఏట్రా ఇది, సరస్వతి ముందు బూట్లు, అన్నాడు. పాయింటే. ఆ బూటాయనకి మేమేం చెప్పలేం, మేనేజర్‌కి చెప్పాం, ఇప్పుడు ముందు వరస ఒక మూడడుగులు వెనక్కి జరిపారు. చిన్న విషయమే గానీ మా పెదనాన్న లాంటి వాళ్ళు మళ్ళీ వస్తారా రారా అన్నది ఇలాంటి వాటి మీదే ఉంటుంది.

ఆ రాత్రి ఆలాపన గురించి ఒక సంగతి చెప్పాలి. ఇక్కడ మసాలా పాపడ్ బావుంటుంది, మన బరంపురం అప్పడమే, మినప్పిండి ఘాటు తెలుస్తుంది, పైన ఉల్లిపాయ టమాటా. ఆ అప్పడం మా వెనక టేబుల్ ఆయన ముందు ఉంది. మిక్సీ ఆగింది, చెయ్యి పైకి లేచింది కాబట్టి. కుర్రాడు ఈసారి ఆభేరి ఎత్తుకున్నాడు, నగుమోము వస్తుందని పెదనాన్న ముందే చెప్పేశాడు నా చెవిలో. సాగుతోంది, బార్ మొత్తం ఎంత నిశ్శబ్దంగా ఉందంటే వెనకాయన అప్పడం ఒక ముక్క విరిచాడు, ఆ టప్ మన నెత్తిమీద పడినట్టు వినిపించింది. ఆయనే సిగ్గుపడిపోయాడు. నేను వెనక్కి తిరిగి చూస్తే ఆ ముక్క చేతిలో పట్టుకుని అలాగే ఉన్నాడు, నోట్లో పెట్టుకోలేక, కింద పెట్టలేక, దాదాపు నాలుగు నిమిషాలు. కీర్తన ఎత్తుకుని మృదంగం కలిసాక అప్పుడు నమిలాడు. ఆయన్నెవరూ ష్ అనలేదు. ఆయన జన్మలో ఏ సభకీ వెళ్ళి ఉండడని నా అంచనా.

అదే వాషింగ్టన్‌లో 2007 జనవరి 12న ఒక పేపరు వాళ్ళు పేరున్న వయొలిన్ విద్వాంసుడు జాషువా బెల్‌ని మెట్రో స్టేషన్లో టోపీ పెట్టుకుని వాయించమన్నారు, 43 నిమిషాలు, వెయ్యి మందికి పైగా దాటుకుంటూ వెళ్ళారు, ఏడుగురే ఆగారు, 32 డాలర్లు పడ్డాయి, దీన్ని పట్టుకుని జనానికి కళ లేదు అని వాట్సాప్‌లో తిప్పుతూనే ఉంటారు. పొద్దున్నే ఆఫీసు టైములో రైలు పట్టుకునేవాణ్ణి ఆపి బాఖ్ వినమంటే ఎవడాగుతాడండీ, వాడికి కుర్చీ వెయ్యలేదు, చేతిలో గ్లాసు పెట్టలేదు, టైము లేదు. ఇక్కడ కుర్చీ ఉంది, చేతిలో అప్పడం ఉంది, 10 దాకా వెళ్ళాల్సిన చోటు లేదు. మనిషి అదే మనిషి.

నాలుగోసారి వెళ్ళినప్పుడు జరిగింది మాత్రం నేను మర్చిపోలేను. మూలన ఒక లారీల ఓనరు టేబుల్, ఆరుగురు, గట్టిగా మాట్లాడుతున్నారు, మూడో రౌండులో ఉన్నారు, నేను ఇంక ఈ రోజు అయినట్టే అనుకున్నా. వయొలిన్ అబ్బాయి వాళ్ళ వైపు చూసి ఏమనుకున్నాడో, ఇప్పుడొక చంపు, అంటే ఒరియా కావ్యంలో పాట, వాయిస్తాను అన్నాడు. కవిసూర్య బలదేవ రథ్ కిశోర చంద్రానన చంపులోది. మనవాళ్ళలో తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా, ఈయన మన గంజాం వాడే, ఆఠగడ సంస్థానంలో ఉన్నాడు, 1845లో పోయాడు, క నుంచి క్ష దాకా ఒక్కో అక్షరంతో ఒక్కో పాట కట్టాడు, ఒడిస్సీ సంగీతం పాడేవాళ్ళకి అది మనకి త్యాగరాజు పంచరత్నాల లాగ. రెండు గీతలు వాయించాడో లేదో ఆ లారీల ఓనరు, పెద్ద మీసాలు, మెళ్ళో గొలుసు, కుర్చీలో వెనక్కి వాలి ఉన్నవాడు ముందుకి వచ్చి పాడ్డం మొదలెట్టాడు. తాగిన గొంతు కాదండీ, పాడే గొంతు. వాళ్ళ నాన్న ప్రహ్లాద నాటకంలో గాయకుడట, రాత్రంతా ఊళ్ళో నడిచే ఆటలో హార్మోనియం పక్కన కూర్చుని ఇతనూ పెరిగాడట, తర్వాత చెప్పాడు. వయొలిన్ అతని శ్రుతికి దిగింది, మృదంగం చప్పుడు ఒడిస్సీ వాళ్ళ మర్దల వాద్యం లాగ చెయ్యబోయి సగం కుదిరి సగం కుదరక ఏదో మధ్యస్థంగా వాయించింది, పాట ఆరేడు నిమిషాలు నడిచింది. పెదనాన్న ఒళ్ళో చెయ్యి తాళం వేస్తూనే ఉంది, ఒరియా పాటకి. పాట అయ్యాక ఆ ఓనరు మిత్రులు ఆఉ గోటే ఆఉ గోటే (ఇంకోటి ఇంకోటి) అని అరుస్తుంటే అతను టికే రుహ (కాస్త ఆగండి) అని కళ్ళు తుడుచుకున్నాడు, అప్పుడు కానీ నేను చూసుకోలేదు నా బీరు తాకకుండా అలాగే ఉందని.

కిందికొచ్చేటప్పుడు పెదనాన్న మెట్ల మీద ఆగి, ఆడు ఆ మూడో చరణంలో పైకెళ్ళినప్పుడు విన్నావా, మనకి నేర్పలేదు అలాగ ఎళ్ళడం, అన్నాడు. ఆయన 74 ఏళ్ళుగా ఈ ఊళ్ళోనే ఉన్నాడు.

ఇంత రాశాక ఇప్పుడు తిట్టేది ఉంది. మూడో వారం (వరస తప్పి చెప్తున్నా, క్షమించాలి) ఓనర్‌కి ఎవరో చెప్పారు, కుర్రకారుకి ఎక్కాలంటే ఫ్యూజన్ చెయ్యాలి అని. ఒక ఆక్టోప్యాడ్ (పుల్లలతో కొట్టే కరెంటు డ్రమ్ము), దాని మీద ఒకడు, వయొలిన్‌కి పికప్ మైకు పెట్టి ఎకో పెంచి, మృదంగం ఎక్కడుందో వెతుక్కోవాలి. అన్ని పాటలూ ఒకే స్పీడు, అన్నిటికీ ఒకే డుబుడుబు. స్పీకర్లు గోడ మూలల్లో నెత్తి మీద, మా టేబుల్లో ఒకడి మాట ఒకడికి వినబడలేదు. తమాషా ఏంటంటే ఆ రోజే జనం ఎక్కువ మాట్లాడుకున్నారు, అరుచుకుంటూ మాట్లాడుకున్నారు, ఒక్కడూ వేదిక వైపు చూడలేదు. ఆక్టోప్యాడ్ కుర్రాడి తప్పు కాదు, వాడికి చెప్పింది వాడు చేశాడు. కానీ ఓనర్ గారూ, వినేవాడికి శాస్త్రీయం అరగదేమో అని మీరే నమిలి పెట్టక్కర్లేదు. ఆ అప్పడమాయన్ని చూడండి. పలచగా, చిన్నగా, రెండే వాద్యాలు, వాల్యూమ్ తక్కువ, అప్పుడే మనిషి చెవి పెడతాడు, వినాలంటే ముందుకు వంగాలి కాబట్టి. ఇప్పుడు ఆ ఆక్టోప్యాడ్ శనివారానికి మార్చారు, అక్కడ అది బానే ఉంటుంది.

సినిమా పాటలు అడిగేవాళ్ళు ప్రతి వారం ఉంటారు, వాళ్ళ మీద నాకు కోపం లేదు, వయొలిన్ అబ్బాయి కూడా విసుక్కోడు. ఒకాయన పాత తెలుగు సినిమా పాట ఒకటి అడిగితే వాయించి, ఇది మోహన సార్ అని చెప్పి, అదే మోహనలో వర్ణం ఎత్తుకున్నాడు, ఆయన ఇది కూడా ఆ సినిమాలోదేనా అని అడిగాడు. ఆ ప్రశ్నకి మేం చాలాసేపు నవ్వుకున్నాం గానీ ఆలోచిస్తే ఆయన చెవి పట్టుకోవాల్సిందే పట్టుకుంది.

తని ఆవర్తనం, అంటే మృదంగం ఒక్కటే వాయించే భాగం, అప్పుడు బిల్లు తీసుకురావద్దని వెయిటర్లకి ఎవరైనా చెప్పాలి. ప్రతిసారీ మృదంగం ముగింపు తీర్మానంలోకి వస్తుంటే, మూడుసార్లు అదే జతి చెప్పి సమం మీద, అంటే తాళం మొదటి దెబ్బ మీద, దిగాలి కదా, మా వేళ్ళు లెక్కపెడుతూ ఉంటాయి, రెండోసారి అయ్యింది, మూడోసారి మొదలైంది, సార్ కార్డా క్యాషా. ఇది మూడు వారాలు వరసగా జరిగింది. ఒకసారి అయితే నేనే సమం తప్పి తాళం టేబుల్ మీద కాకుండా కార్డు మిషన్ మీద వేశాను.

డబ్బుల సంగతి. గురువారం మనిషికి 200 కవర్ ఛార్జి, అది బిల్లులో తగ్గిస్తారు, కాబట్టి తినేవాడికి ఫ్రీ కిందే లెక్క. కళాకారులకి ఎంతిస్తున్నారు అని అడిగాను, అడగకూడదనుకోండి, వాళ్ళిద్దరూ కూడా బానే ఇస్తున్నారు, భోజనం, బండి టిక్కెట్టు వేరే అన్నారు. బయటికెళ్ళే దగ్గర స్టీలు పళ్ళెం, పక్కన క్యూఆర్ కోడ్ పెట్టారు, స్కాన్ చేసి చూస్తే వయొలిన్ అబ్బాయి పేరే వచ్చింది, హోటల్ది కాదు, ఇది మంచి పని. పెళ్ళిళ్ళలో సన్నాయి వాళ్ళకి తాంబూలంలో ఎంత పెట్టామో, ఎన్నిసార్లు బేరమాడామో మనకి తెలుసు కాబట్టి ఇక్కడ ఓ వంద ఎక్కువ వెయ్యండి.

తిండి: చిలికా రొయ్యల వేపుడు ఒక్కటి తప్పకుండా, రొయ్య తాజాగా ఉంటుంది, కరివేపాకు ఎక్కువ. చికెన్ పకోడీ మామూలు. బిర్యానీ జోలికి పోకండి, గురువారం అసలే వద్దు, వంటాయన తలుపు దగ్గరే ఉంటాడు. పెదనాన్నకి లెమన్ సోడాలో ఉప్పు ఎక్కువేశారు, రెండుసార్లూ. బాత్రూమ్ తలుపు వేదిక పక్కనే, తెరిచినప్పుడల్లా ఫినాయిల్ వాసనా, చెయ్యి ఆరబెట్టే మిషన్ గాలి చప్పుడూ, ఆ మిషన్ తీసేసి కాగితాలు పెట్టండి దయచేసి, అది మిక్సీకి తమ్ముడు. ఆడవాళ్ళతో వెళ్ళేవాళ్ళకి కుడివైపు గాజు తలుపు లోపల ఫ్యామిలీ సెక్షన్ ఉంది, కానీ తలుపు వేస్తే పాట సగమే వినబడుతుంది, మా ఆవిడ రెండో పాటకే లేచి బయటికొచ్చి బార్లోనే కూర్చుంది, ఎవరూ ఏమీ అనలేదు, మృదంగం అబ్బాయికి దగ్గరి టేబుల్ ఆవిడకే దొరికింది.

మ్యాచ్ ఉన్న గురువారం వెళ్ళకండి, టీవీ మ్యూట్‌లో పెడతారు గానీ వికెట్ పడ్డప్పుడు మనుషుల్ని మ్యూట్‌లో పెట్టలేరు, అందులోనూ ఆలాపన అప్పుడే పడుతుంది వికెట్. మిగతా గురువారాలకి టేబుల్ కావాలంటే బుధవారమే ఫోన్ చెయ్యండి, వేదికకి ఎడమ వైపు అడగండి, కుడి వైపు స్పీకర్ కింద పడతారు. బండి తీసుకెళ్ళకండి, తాగితే ఎలాగూ నడపకూడదు, పార్కింగ్ కూడా లేదు. కింద ఆటోలు 11 దాకా ఉంటాయి, పెద్ద బజారుకి 120 అడుగుతారు, 80కి వస్తారు, స్టేషన్‌కి మాత్రం ఆ ఇద్దరు కుర్రాళ్ళు ఎక్కే ఆటోలో చోటుంటే ఎక్కేయండి, మృదంగం ఒళ్ళో పెట్టుకోవాల్సొస్తుంది అంతే.